ఆరు దాటాక నడిచే స్కూలు బస్సుకు ఈ షరతులు సబబేనా?

గని_కాలనీ_అమ్మ
మా అమ్మాయి మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్‌లో ఒక పాఠశాలలో పదో తరగతి చదువుతున్నది. దీపావళి సెలవుల తరువాత జాదా తాసులు (అదనపు తరగతులు) మొదలయ్యాయి, అవి సాయంత్రం ఆరు వరకు జరుగుతున్నాయి. మామూలు బస్సు పావు తక్కువ అయిదుకే వెళ్లిపోతుంది కనుక, ఆగే పిల్లల కోసం ఆరుంబావుకు మరొక బస్సు నడుపుతామని పాలక్ సభలో (తల్లిదండ్రుల సమావేశంలో) చెప్పినప్పుడు మేమందరం సంతోషించాము. ఈ వారం పిల్లల డైరీలో అంటించి పంపిన కాగితం చదివాక ఆ సంతోషం నిలవలేదు.

ఆలస్యపు బస్సు ప్రతి కాలనీలోకి రాదట, రాజూరా రోడ్డు మీద నాలుగు చోట్ల మాత్రమే ఆగుతుందట. పేరు ప్రతి సోమవారం నమోదు చేయించాలి, చేయించని వారికి ఆ వారమంతా సీటు ఉండదు. బస్సులో పిల్లలను చూసుకునే బాయి (ఆయా) డ్యూటీ అయిదుకే ముగుస్తుంది కనుక రెండో ట్రిప్పులో ఆమె ఉండదు. స్టాపులో తల్లిదండ్రులు లేకపోతే బస్సు ఎక్కువసేపు నిలవదు, పిల్లలను దింపి వెళ్లిపోతుంది. వీటన్నిటికీ చివర ఒక వాక్యం రాశారు: "సాయంత్రం అయిదు తరువాత జరిగే ప్రయాణానికి పూర్తి బాధ్యత పాలకులదే." పాలకులంటే ఇక్కడి మాటలో తల్లిదండ్రులు, అంటే మేమే. ఆ వాక్యం కింద సంతకం చేసి పంపమన్నారు.

మేము దిగవలసిన మలుపు నుండి మా క్వార్టర్లకు రెండు కిలోమీటర్ల దాకా ఉంటుంది, దారిలో ఒకవైపు పొదలు, మరొకవైపు గని మట్టి గుట్టలు. మా ఆయనకు రెండో షిఫ్టు పడిన వారాల్లో సాయంత్రం నాలుగుకే గనిలోకి వెళ్తారు. ఇంట్లో నేనూ, చంటి పిల్లవాడూ. ఇటువంటి షరతులు ఇతర బడులలోనూ ఉన్నాయా, వీటికి ఏదైనా నియమం అడ్డు వస్తుందా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

వార్ధా_ఒడ్డు
ఆ కాగితంపై సంతకం చేసి పంపేశారా? పంపకపోతే ముందు ఒక ఫోటో తీసి దాచుకోండి, మిగతా తల్లిదండ్రులతో మాట్లాడేవరకు సంతకం చేయకండి.

గని_కాలనీ_అమ్మ
ఇంకా పంపలేదు. శనివారం లోపల ఇమ్మన్నారు.

కోర్టు_మెట్లు
నేను చంద్రపూర్‌లో వకాలత్ చేస్తున్నాను, మోటారు వాహనాల కేసులు తరచుగా చూస్తాను. మీరు అడిగినది సూటిగా చెప్తాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో విద్యాసంస్థ బస్సుకు ఒక నిర్వచనం ఉంది. ఆ సంస్థకు చెందినదై, సంస్థ జరిపే ఏ కార్యకలాపానికైనా సంబంధించి విద్యార్థులనో సిబ్బందినో చేరవేయడానికి మాత్రమే వాడే బస్సు అని దాని భావం. జాదా తాసు పెట్టింది బడి, ఆపింది బడి, చెప్పేది బడి ఉపాధ్యాయులు. అది బడి కార్యకలాపం కాదని ఎవరు అనగలరు? గడియారంలో అయిదు కొట్టగానే స్కూలు బస్సు మామూలు బస్సుగా మారిపోదు. మీ బస్సు కాంట్రాక్టుదారుదైనా బడి పని మీద నడిచినంతసేపు స్కూలు బస్సు నియమాలే దానికి వర్తిస్తాయి.

రెండవ సంగతి ఇంకా ముఖ్యమైనది. మహారాష్ట్ర ప్రభుత్వం 2011లో స్కూలు బస్సుల కోసం ప్రత్యేక నియమాలు చేసింది. వాటి ప్రకారం ప్రతి పాఠశాలలో ముఖ్యాధ్యాపకుల అధ్యక్షతన ఒక పరివహన సమితి (రవాణా కమిటీ) ఉండాలి, అందులో పాలకుల ప్రతినిధి, పోలీసు శాఖ వారు, ఆర్‌టీఓ వారు, విద్యాశాఖ వారు, బస్సు కాంట్రాక్టుదారు ప్రతినిధి ఉంటారు. పిల్లల భద్రత, బస్సు ఛార్జీ, స్టాపులు ఎక్కడెక్కడ అన్నవి ఆ సమితి చూడవలసిన విషయాలు. మీ నాలుగు స్టాపులను సమితి నిర్ణయించిందా, లేక ఆఫీసులో కూర్చుని ఎవరో ఒకరు రాసేశారా అన్నది మీరు అడగవలసిన మొదటి ప్రశ్న.

ఇక బాయి విషయం. బాలికలు ప్రయాణించే బస్సులో మహిళా సహాయకురాలు ఉండాలని అవే నియమాలు చెబుతున్నాయి. పగటి ట్రిప్పుకు ఒక నియమం, చీకటి ట్రిప్పుకు మరొకటి అని వాటిలో లేదు.

పసుపు_బస్సు
నేను బస్సులు నడిపించేవాడిని, రెండు బడులకు కాంట్రాక్టు ఉంది. వకీలు సారు చెప్పినదానికి నేను అడ్డు చెప్పను, కానీ మా వైపు కష్టం కూడా ఇక్కడ చెప్పవలసి ఉంది. మొదటి ట్రిప్పులో బస్సు నిండుగా వెళ్తుంది. రెండో ట్రిప్పులో పదిహేను మందో ఇరవై మందో ఉంటారు, వాళ్లు ఆరు దిక్కులలో దిగుతారు. ప్రతి కాలనీలోకి తిరిగితే చివరి పిల్ల ఇంటికి చేరేసరికి ఎనిమిది అవుతుంది. స్టాపులు తగ్గించడం కేవలం డీజిలు మిగుల్చుకోవడానికే అనుకోవద్దు, పిల్లలు త్వరగా చేరాలన్న ఆలోచన కూడా అందులో ఉంటుంది. అయితే సహాయకురాలు లేకుండా ఆడపిల్లలను ఎక్కించుకుని నడపమంటే నేను మాత్రం బండి తీయను. రేపు ఏదైనా జరిగితే మొదట పట్టుకునేది నా డ్రైవరునే.

మాణిక్‌గఢ్_నీడ
స్టాపులు తగ్గించడం పిల్లల మేలుకే అన్న మాటను నేను ఒప్పుకోలేను. మాది రాజూరా అవతల, అడవికి ఆనుకున్న ఊరు. 2020లో మా రాజూరా అటవీ ప్రాంతంలో ఒక పులి వరుసగా మనుషులను చంపింది, ఆ అక్టోబరులో దానిని పట్టుకునేవరకు పొలానికి ఒంటరిగా వెళ్లినవారు లేరు. ఒక పులిని పట్టుకున్నారని భయం తీరలేదు, చంద్రపూర్ జిల్లాలో పులులు తిరిగే చోటు అభయారణ్యం గీతకు లోపలే ఉండదని ఇక్కడ పుట్టిన ప్రతివారికీ తెలుసు. రోడ్డు మీద దింపి రెండు కిలోమీటర్లు నడిచి వెళ్లమంటే, త్వరగా చేరింది బస్సు, పిల్ల కాదు.

వెలుతురు సంగతి కూడా గమనించండి. డిసెంబరులో ముంబైలో ఆరు వరకు సూర్యుడు కనిపిస్తాడు. మనం రాష్ట్రానికి తూర్పు కొసన ఉన్నాము, మనకు అయిదున్నరకే అస్తమిస్తాడు. ఆరుంబావు బస్సు ముంబైలో సంధ్య వెలుగులో నడిచే బస్సు, బల్లార్‌పూర్‌లో అది రాత్రి బస్సు. స్టాపులు నిర్ణయించేటప్పుడు గడియారం ఒక్కటే చూడకూడదు.

రాయగడ_పిన్ని
ఒడిశా నుండి రాస్తున్నాను, మాకు మీకంటే ముందే, అయిదుంబావుకే పొద్దు గుంకుతుంది. మా వైపు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల పిల్లలకు సర్కారు సైకిళ్లు ఇస్తుంది. పగలు బడికి వెళ్లి రావడానికి అది ఎంతో మేలు చేసింది, అందులో సందేహం లేదు. పదో తరగతి వారికి సాయంత్రం ప్రత్యేక తరగతులు పెట్టినప్పుడు మాత్రం ఆ సైకిలే చిక్కయింది. మలుపుల ఘాటీ దారి, లారీల లైట్లు, సైకిలుకు లైటు ఉండదు. మా ఆడపడుచు కూతురు ఉన్న ఊళ్లో తల్లులందరూ కలిసి వెళ్లి అడిగితే, ప్రత్యేక తరగతిని సాయంత్రం కాకుండా మధ్యాహ్న భోజనం తరువాతి ఖాళీ పీరియడ్‌లోకి మార్చారు. అడిగేవరకు ఆ ఆలోచన ఎవరికీ రాలేదు. ముందు తరగతి వేళ మారుతుందేమో అడగండి, బస్సు సంగతి ఆ తరువాత.

సిరొంచ_పంతులు
పిన్నిగారు చెప్పిన దారిలోనే మేము నడిచాము. మా తాలూకాలో ప్రైవేటు స్కూలు బస్సులు తక్కువ, ఆడపిల్లలకు ఆధారం ఎస్టీ (మహారాష్ట్ర ఆర్టీసీ) వారు మానవ్ వికాస్ అనే సర్కారు పథకం కింద నడిపే నీలం బస్సు. ఆ బస్సు వేళ బడి వేళకు కట్టి ఉంటుంది. సాయంత్రం అది వెళ్లిపోయిందంటే అంకీసా వైపు, ఆసరల్లి వైపు పిల్లలకు కాళీ పీళీ (నలుపు పసుపు రంగు అద్దె) జీపు తప్ప మరో దిక్కు లేదు, అదీ జనం నిండితేనే కదులుతుంది. అందువల్ల సాయంత్రం జాదా తాసు పెట్టడమంటే ఊళ్లనుండి వచ్చే ఆడపిల్లలను తరగతి బయట నిలబెట్టడమేనని మాకు మొదటి ఏడాదిలోనే అర్థమైంది. బస్సు ఇతర బడులను కూడా తాకుతూ వస్తుంది కనుక ఉదయం మా పిల్లలు గంట కొట్టడానికి చాలా ముందే దిగి మైదానంలో కూర్చునేవారు. ఆ సమయాన్నే జాదా తాసుగా మార్చాము. గణితం, విజ్ఞానం రెండూ ఉదయమే చెబుతున్నాము, ఎవరికీ అదనపు బస్సు అవసరం పడలేదు.

నాలుగో_బెంచీ
పంతులు సారుకు నమస్కారమే కానీ, పట్టణంలో అది కుదరదు. మా పిల్లవాడి బస్సు ఆరున్నరకే వస్తుంది, దానికంటే ముందు లేపి, తినీ తినక పంపితే ఉదయపు తాసులో ఏమి బుర్రకెక్కుతుంది?

సిరొంచ_పంతులు
నిజమే, మీ బడి వేళలు వేరు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పిల్లలను ఎప్పుడు ఆపాలన్న నిర్ణయం, ఎలా పంపాలన్న నిర్ణయం ఒకే రోజు, ఒకే బల్ల దగ్గర జరగాలి. మొదటిది ఉపాధ్యాయులు తీసుకుని, రెండవది తల్లిదండ్రుల మీదకు తోయడం వల్లనే ఈ కాగితాలు పుడుతున్నాయి.

బామ్నీ_నాన్న
అందరూ బడిని తప్పు పడుతున్నారు. జాదా తాసులకు మా బడి రూపాయి తీసుకోవడం లేదు, గురువులు తమ సాయంత్రాలను మన పిల్లలకు ఇస్తున్నారు. మనం బస్సు గురించి మరీ పట్టుబడితే, ఈ తలనొప్పి మాకెందుకని జాదా తాసులే ఎత్తివేస్తారు. అప్పుడు ట్యూషన్‌కు డబ్బు పెట్టగలిగిన ఇంటి పిల్లలు చదువుతారు, గని కూలీ ఇంటి పిల్లలు వెనకబడతారు. నేను ఆ కాగితంపై సంతకం చేశాను, నా మోటారు సైకిల్ మీద వెళ్లి కూతురిని తీసుకొస్తున్నాను.

గని_కాలనీ_అమ్మ
అన్నా, మీరు వెళ్లి తీసుకురాగలరు కనుక మీకు ఆ సంతకం బరువు తెలియలేదు. మా కాలనీలో షిఫ్టులకు వెళ్లే ఇళ్లే ఎక్కువ. నేను జాదా తాసు వద్దనడం లేదు, అది ఉండాలనే అడుగుతున్నాను. బస్సులో ఒక బాయి ఉండాలి, కాలనీ గేటు దాకా రావాలి, దింపాక ఎవరో ఒకరు చూసుకోవాలి. ఈ మూడు అడిగినందుకు చదువే పోతుందంటే, ఆ భయంతోనే మనం ఏ కాగితం మీదనైనా సంతకం చేస్తూ పోతాము.

కోర్టు_మెట్లు
బామ్నీ సారు, ఆ సంతకం వల్ల బడికి వస్తుందనుకున్న రక్షణ కూడా పెద్దగా రాదు. తల్లిదండ్రుల దగ్గర కాగితం రాయించుకున్నంత మాత్రాన చట్టం పెట్టిన విధి మాసిపోదు. సహాయకురాలు లేకుండా బస్సు నడిపామని ఆ కాగితమే వారికి వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంది. ఇది బడివారికి మెల్లగా చెప్పి చూడండి, వారే ఆ వాక్యాన్ని కొట్టివేయవచ్చు.

వార్ధా_ఒడ్డు
మేము కొందరం కలిసి ఒక జీపు మాట్లాడుకుందామనుకున్నాము. నెలకు ఇంత అని ఇస్తే కాలనీ గేటు దాకా తెస్తానంటున్నాడు. అది మంచిది కాదా?

పసుపు_బస్సు
వద్దు. జీపులో ఎంతమందిని కుక్కుతాడో మీరు చూడరు. అనుమతికి మించి ఎక్కించిన ప్రతి మనిషికీ రెండు వందల జరిమానా అని 2019 సవరణలో పెట్టారు, కానీ ఆ జరిమానా కట్టి కూడా లాభం మిగుల్చుకునేవాళ్లు ఉన్నారు. ప్రమాదం జరిగితే ఆ జీపు బీమా పిల్లలకు వర్తిస్తుందో లేదో అప్పుడు వెతుక్కోవలసి వస్తుంది. స్కూలు బస్సుకైతే కిటికీలకు అడ్డ కడ్డీలు, ప్రథమ చికిత్స పెట్టె, అగ్నిమాపక సిలిండరు, గట్టి తలుపు గొళ్లెం ఉంటాయి. జీపుకు వెనక తలుపే ఉండదు.

మాజీ_హెడ్మాస్టర్
నేను గడ్చాందూర్ వైపు చాలా కాలం ముఖ్యాధ్యాపకుడిగా పనిచేసి విరమించాను, ఆలస్యపు బస్సును నడిపించిన అనుభవం ఉంది కనుక కాస్త వివరంగా రాస్తాను. ఇక్కడ అందరూ బాయి గురించి మాట్లాడుతున్నారు, అది సరైనదే. నా అనుభవంలో అంతకంటే ముందు తప్పిపోయేది జాబితా.

ఉదయం బస్సు ఎక్కిన పిల్లలే సాయంత్రం మామూలు బస్సులో దిగుతారు, లెక్క సులభం. ఆలస్యపు బస్సులో అట్లా కాదు. ఒకరు జాదా తాసుకు ఆగుతారు, ఒకరు కబడ్డీకి ఆగి మధ్యలో మామయ్యతో వెళ్లిపోతారు, ఇంకొకరు ఆగుతానని చెప్పకుండానే ఆగిపోతారు. మామూలు బస్సు బాయి "ఈ పిల్ల ఆలస్యపు బస్సులో వస్తుందేమో" అనుకుంటుంది, ఆలస్యపు బస్సు డ్రైవరు "ముందే వెళ్లిపోయిందేమో" అనుకుంటాడు. పిల్ల తప్పిపోయేది ఆ రెండు అనుకోవడాల మధ్యనే. అందువల్ల మేము మధ్యాహ్న భోజనం గంటకు తరగతి తరగతికీ మనిషిని పంపి, ఆ రోజు ఆగేవారి పేర్లు, దిగే స్టాపు, ఇంటి ఫోను నంబరు ఒక కాగితంపై రాయించేవాళ్లం. దానికి మూడు ప్రతులు తీసేవారు. ఒకటి గేటు దగ్గర చౌకీదారుకు, ఒకటి మామూలు బస్సు బాయికి, ఒకటి ఆలస్యపు బస్సు బాయికి. బస్సు కదిలే ముందు ఒక ఉపాధ్యాయుడు లోపలికి ఎక్కి పేర్లు పిలిచేవారు. దిగిన ప్రతి పేరు ఎదుట బాయి టిక్కు పెట్టాలి, ఎవరి చేతికి అప్పగించిందో ఒక మాట రాయాలి. చివరి స్టాపు అయ్యాక ఆమె వెనక సీటు దాకా నడిచి, సీట్ల కింద వంగి చూసి రావాలి. అలసిన పిల్లలు సంచీ మీద తల పెట్టి నిద్రపోతే కిటికీలోంచి తల కనపడదు.

మీ బడి ప్రతి సోమవారం పేరు నమోదు చేయమనడం ఈ కారణం వల్లనే నాకు నచ్చలేదు. వారానికి ఒకసారి రాసిన జాబితా బుధవారానికే తప్పవుతుంది. సీటు లేదన్న మాట ఇంకా ప్రమాదకరం. పేరు లేని పిల్ల ఆరుంబావుకు గేటు దగ్గర నిలబడితే ఆమెను ఎక్కించుకోవాలా, వదిలిపెట్టాలా? ఎక్కించుకోవాలి, ఇంటికి ఫోను చేయాలి, మందలింపు మరునాడు. మా బడిలో దీనిపై ఎప్పుడూ రెండో మాట ఉండేది కాదు.

నాలుగో_బెంచీ
హెడ్మాస్టర్ సారు చెప్పినది మా ఇంటి విషయమే. మా వాడు ఖోఖో ఆడతాడు, జిల్లా పోటీలు దగ్గరపడితే సాధన ఏ రోజు ఎప్పుడు ముగుస్తుందో వాళ్ల సారుకే తెలియదు. రోజువారీ జాబితా అయితే మాకు ఎంతో తేలిక.

గడ్చిరోలి_అక్క
స్టాపులో మనిషి లేకపోతే పిల్లను దింపి వెళ్లిపోవడం గురించి ఎవరూ మాట్లాడలేదు, నాకు అన్నిటికంటే భయం అదే. అలాంటప్పుడు పిల్లను బస్సులోనే ఉంచి, మిగతా స్టాపులు ముగించుకుని, తిరుగు దారిలో మళ్లీ ఆ స్టాపుకు రావాలి. అప్పటికీ ఎవరూ లేకపోతే బడికి తీసుకుపోయి ఇంటివారిని పిలిపించాలి. దానికి బడిలో ఆఖరి బస్సు తిరిగి వచ్చేవరకు ఒక పెద్ద మనిషి ఉండాలి, తాళం వేసుకుని వెళ్లిపోకూడదు.

పసుపు_బస్సు
అక్క చెప్పిన పద్ధతి చేయదగినదే. ఇక్కడ డ్రైవరు పని గంటల విషయం కూడా చెప్పాలి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలో రోజుకు ఎనిమిది గంటల పని, విరామాలతో కలిపి పన్నెండు గంటలకు మించి సాగకూడదని ఉండేది, 2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. ఉదయం అయిదున్నరకు బస్సు తీసిన డ్రైవరుకు సాయంత్రం అయిదున్నరకే ఆ పన్నెండు గంటలు నిండిపోతాయి. అదే మనిషితో ఆరుంబావు ట్రిప్పు వేయించడం ఆ పాత నియమానికీ విరుద్ధం, ఒంటికీ విరుద్ధం. పగలంతా మధ్యలో అతనిని సిమెంటు ఫ్యాక్టరీ షిఫ్టు బస్సు మీద పంపేవారూ ఉన్నారు. మీ సమితిలో అడగవలసినది ఏమిటంటే, రెండో ట్రిప్పు డ్రైవరు పొద్దున ఎన్నింటికి పనిలోకి దిగాడు? బాయి సంగతీ అంతే, అయిదుకు డ్యూటీ ముగిసిందంటే ఆమెను నిలిపి ఉంచమని కాదు, మధ్యాహ్నం వచ్చే మరొకరిని పెట్టమని అడగాలి.

బామ్నీ_నాన్న
దీనికంతా డబ్బు ఎవరిస్తారు?

పసుపు_బస్సు
ఒక బడికి ఒక్కదానికే అయితే భారమే. రెండు బడులు కలిసి ఒక ఆలస్యపు బస్సు పెట్టుకుంటే మోయగలరు, నేనే ఒకప్పుడు అట్లా నడిపాను. అయితే రెండు బడుల సమితులూ విడివిడిగా ఒప్పుకోవాలి, జాబితాలు రెండూ బాయి చేతిలో ఉండాలి. ఛార్జీ కూడా సమితి చూడవలసిన విషయమేనని వకీలు సారు పైన రాశారు, అక్కడే తేల్చుకోండి.

మాణిక్‌గఢ్_నీడ
వానాకాలం మాట కూడా అందులో రాయించండి. వార్ధా నది పొంగితే బల్లార్‌పూర్ రాజూరా రోడ్డు మూసేస్తారు. పగటి బస్సు దాటి, ఆలస్యపు బస్సు ఇవతల చిక్కుకుపోవచ్చు. నీరు పెరుగుతున్న రోజున జాదా తాసు రద్దు చేసి అందరినీ మొదటి బస్సులోనే పంపాలి. ఆ నిర్ణయం మధ్యాహ్నానికే జరగాలి.

బామ్నీ_నాన్న
రోజువారీ జాబితా, బాయి, గేటు దాకా బస్సు అన్నవాటికి నేను మీతో వస్తాను. జాదా తాసు ఆగకూడదన్నదే నా ఆందోళన, అది అలాగే ఉంది. నేను ఇచ్చిన సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నానని రాసి ఇవ్వవచ్చా?

కోర్టు_మెట్లు
ఇవ్వవచ్చు. తేదీ వేసి, ఆవక్‌లో (ఆఫీసుకు వచ్చిన కాగితాల రిజిస్టరులో) నమోదు చేయించి, నకలు మీద ముద్ర వేయించుకోండి. గని కాలనీ అక్క కూడా సంతకం చేయని కాగితానికి బదులు దరఖాస్తు ఇవ్వాలి. "ఆలస్యపు బస్సు స్టాపులు, సహాయకురాలు, డ్రైవరు పని వేళలపై పరివహన సమితి సమావేశం జరపగలరు, ఆ సమావేశపు మినిట్స్ (చర్చ, నిర్ణయాల నమోదు) మాకు ఇవ్వగలరు" అని రెండు వాక్యాలు చాలు. కదలిక లేకపోతే నకలు ఆర్‌టీఓకు, విద్యాధికారికి పంపవచ్చు, జిల్లా స్థాయిలో కూడా స్కూలు బస్సు భద్రతకు సమితి ఉంటుంది. మొదటి రోజే ఫిర్యాదుగా పోకండి, పిల్లలు అక్కడే చదవాలి.

గని_కాలనీ_అమ్మ
మా కాలనీ నుండి మరికొందరు తల్లులు వస్తామన్నారు. పాలకుల ప్రతినిధి ఎవరో మాలో ఒక్కరికీ తెలియదు, రేపు ఆఫీసులో అదే మొదట అడుగుతాను. దరఖాస్తు మరాఠీలో ఇవ్వాలి, నాకు మాట్లాడటం వచ్చు కానీ రాయడం అంతగా రాదు.

మాజీ_హెడ్మాస్టర్
నేను రాసి ఇస్తానమ్మా. స్టాపు నుండి మీ గేటు దాకా దూరం, ఆ దారిలో దీపాలు ఉన్నదీ లేనిదీ, మీ కాలనీ నుండి ఎంతమంది పిల్లలు ఆగుతున్నారన్నదీ రేపు రాత్రికి పంపండి. శనివారం పొద్దున్నే ఇవ్వవచ్చు.